జనవరి లెక్క, ఏప్రిల్ లెక్క

మా ఇంట్లో కంప్యూటర్ టేబుల్ సొరుగులో ఒక పాత ఫోన్ ఉంది. తెర ఓ మూల పగిలింది. అందులో టెక్సస్ నంబరు ఒకటి ఇంకా బతికే ఉంది. వారానికోసారి దాన్ని తీసి చార్జింగ్ పెట్టడం నా డ్యూటీ. ఆ నంబరుకి ఎవరూ ఫోన్ చేయరు, ఓటీపీలు మాత్రం దానికే వస్తాయి. అవి రాకపోతే అమెరికాలో ఉద్యోగం చేస్తూ కూడబెట్టిన నా రిటైర్మెంట్ ఖాతా, 401కె, తెరుచుకోదు. నాలుగేళ్ళ కింద అమెరికా వదిలేసి వచ్చామని అందరికీ చెప్తుంటాం గానీ, అమెరికా మాత్రం ఆ సొరుగులోనే ఉంది.

2010 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి వెళ్ళాను. చదువు, ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే చేసే ఉద్యోగం) అయ్యాక 2013 అక్టోబరులో హెచ్-1బి ఉద్యోగ వీసా మొదలైంది. అప్పటి నుంచి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాం. గ్రీన్‌కార్డు క్యూ ఎంతకీ కదలలేదు. 2021లో బాపుకి గుండె ఆపరేషన్ అయింది. అప్పుడే తిరిగి వద్దామనుకున్నాం, డిసెంబరు 18న శంషాబాద్‌లో దిగాం. వచ్చే ముందు రెండు నెలలూ కారు ఎవరికి అమ్మాలి, సోఫా ఎవరికిచ్చి రావాలి, పాప స్కూల్ కాగితాలు, వీటితోనే సరిపోయింది. పన్నుల గురించి ఆలోచించింది ఖతార్‌లో ఫ్లైట్ మారేటప్పుడు, అదీ ఓ అయిదు నిమిషాలు.

నిజానికి అంతకు ముందే ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి, జాగ్రత్తగా ఉండాల్సింది. ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు జీతంలో మిగిలింది పంపి హనుమకొండలో ఎన్ఆర్ఈ, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాలో ఎఫ్‌డీలు వేయించేవాణ్ణి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఎక్కడా లేదనుకున్నాను. నాలాగా అనుకున్నవాళ్ళు మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే పదిమంది ఉంటారు. అమెరికాలో రెసిడెంట్ అయినవాడికి ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా అక్కడ పన్నే. పైగా విదేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని వేరే ఫారం వేయాలి. అది పన్ను రిటర్నుతో పాటు వెళ్ళేది కాదు, వేరే చోట వేసేది. 2015లో ఇండియా, అమెరికా ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఫాట్కా ఒప్పందం చేసుకున్నాక బ్యాంకు నుంచి ఒక డిక్లరేషన్ వచ్చింది: మీరు అమెరికా పన్ను రెసిడెంటా, అయితే నంబరు ఇవ్వండి. ఆ కాగితం చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి తెలియక చేసిన తప్పులు సరిచేసుకునేందుకు ఉన్న స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతిలో పాత రిటర్నులు సవరించి, వేయని ఎఫ్‌బార్‌లన్నీ వేసి, వడ్డీ మీద పన్నుతో పాటు ఖాతాల గరిష్ఠ నిల్వలో 5 శాతం పెనాల్టీ కట్టాను. ఎఫ్‌డీలు 12 లక్షలు, పెనాల్టీ 60 వేల రూపాయలు. సీపీఏ (అక్కడి సీఏ) ఫీజు దానికంటే ఎక్కువే అయింది, ఆ సంగతి మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

వచ్చిన మూడు నెలలకి, 2022 మార్చిలో ఒక ఆదివారం సర్టిఫికెట్ల ఫైల్ సర్దుతుంటే సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పెన్షన్) స్టేట్‌మెంట్ కనపడింది. బయల్దేరే ముందు ఎవరో స్నేహితుడు ‘వెళ్ళాక లాగిన్ అవ్వడం కష్టం, డౌన్‌లోడ్ చేసుకో’ అంటే చేసుకున్నాను. చదవలేదు. అప్పుడు చదివాను. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, నీకు 32 ఉన్నాయి అని ఉంది. 2021వి ఇంకా ఎక్కలేదు, అవి నాలుగు. మొత్తం 36.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు తెలిసినవాళ్ళలో చాలామందికి తెలియదు. క్రెడిట్లు నెలల్ని బట్టి రావు, ఆ క్యాలెండర్ సంవత్సరంలో సంపాదించిన డబ్బును బట్టి వస్తాయి. ఏడాదికి నాలుగు మించవు. 2013లో నేను హెచ్-1బి మీద పనిచేసింది మూడు నెలలే, ఓపీటీలో ఉన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ కోత లేదు. అయినా ఆ మూడు నెలల జీతానికే నాలుగు క్రెడిట్లూ పడ్డాయి. అంటే 2013 నుంచి 2021 దాకా తొమ్మిది క్యాలెండర్ సంవత్సరాలు, ఏడాదికి నాలుగు చొప్పున 36. 2022లో ఒక్కో క్రెడిట్‌కి 1,510 డాలర్లు, నాలుగింటికి కలిపి 6,040. నా జీతానికి అది ఒక నెల కూడా కాదు. జనవరి నెలాఖరు దాకా ఇర్వింగ్‌లోనే ఉండి, ఫిబ్రవరిలో విమానం ఎక్కి ఉంటే 40 నిండేవి. డిసెంబరులో టికెట్ ఎందుకు కొన్నామంటే సంక్రాంతికి ఇంట్లో ఉండాలని.

ఇండియాకీ అమెరికాకీ సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉంటే ఈ గొడవే లేదు. జర్మనీ, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా లాంటి దేశాలతో మనకి అలాంటివి ఉన్నాయి, అక్కడ పనిచేసిన కాలాన్నీ ఇక్కడ పనిచేసిన కాలాన్నీ కలుపుకోవచ్చు. అమెరికాతో లేదు. తొమ్మిదేళ్ళలో నా జీతం నుంచి 6.2 శాతం చొప్పున దాదాపు 50 వేల డాలర్లు అందులోకి వెళ్ళాయి, కంపెనీ కూడా అంతే కట్టింది. తిరిగి ఇవ్వరు. ఆ 36 క్రెడిట్లు మాత్రం ఎక్కడికీ పోవు. ఎప్పుడైనా మళ్ళీ అక్కడ పనిచేసి నాలుగు సంపాదిస్తే చాలు. ఈ మాట అప్పుడు కొంచెం ధైర్యం ఇచ్చింది.

బాపుకి చెప్తే ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టి, “గంత దేశం, ఒక్క నెలకు లెక్క చూస్తరా?” అన్నాడు. తర్వాత ఎవరు ఇంటికొచ్చినా ఈ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మా వాడు సంక్రాంతికొచ్చి పెన్షన్ పోగొట్టుకున్నడు అని.

ఆ దెబ్బతో తేదీల భయం పట్టుకుంది. కొండాపూర్‌లో ఒక సీఏ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు అడిగింది జీతం గురించి కాదు, పాస్‌పోర్టులు. పాతదీ కొత్తదీ రెండూ బల్ల మీద పెట్టించి, ఇమిగ్రేషన్ స్టాంపులు ఒక్కొక్కటే చూస్తూ తేదీలు రాసుకున్నాడు. 2014లో పెళ్ళికి వచ్చిన 28 రోజులు, 2017లో తాతయ్య దినాలకు వచ్చిన 12 రోజులు. ఒక స్టాంపు మీద ఇంకోటి పడి తేదీ కనపడకపోతే టేబుల్ లైటు వేసి చూశాడు. “దిగిన రోజు కూడా లెక్కే సార్” అని ఒక రోజు కలిపాడు.

తిరిగొచ్చినవాళ్ళకి ఇండియా కొంతకాలం ఒక గొడుగు పడుతుంది. దాని పేరు ఆర్ఎన్ఓఆర్. రెసిడెంటే, కానీ ఆర్డినరీ రెసిడెంట్ కాదు. ఆ హోదా ఉన్నన్నాళ్ళూ విదేశాల్లో పుట్టిన ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు, విదేశీ ఆస్తులు చూపించనక్కర్లేదు. గత పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ఎన్ఆర్ఐగా ఉన్నా సరే, గత ఏడేళ్ళలో ఇండియాలో ఉన్నది మొత్తం 729 రోజులు దాటకపోయినా సరే, ఆ గొడుగు దొరుకుతుంది. డిసెంబరు 18 నుంచి మార్చి 31 దాకా 104 రోజులే కాబట్టి 2021-22లో నేను ఇంకా ఎన్ఆర్ఐనే. సోషల్ సెక్యూరిటీలో నన్ను ముంచిన డిసెంబరే ఇక్కడ కలిసొచ్చింది. తర్వాత 2022-23, 2023-24 రెండేళ్ళు ఆర్ఎన్ఓఆర్. “2024 ఏప్రిల్ 1 నుంచి మీరు మామూలు రెసిడెంట్. ఏం తీసుకోదలిచినా ఆ లోపే చూసుకోండి” అన్నాడు సీఏ.

ఒకటి మాత్రం ఈ గొడుగు కిందికి రాదు. ఎన్ఆర్ఈ ఖాతా. ఆదాయపన్ను వాళ్ళు రోజులు లెక్కపెడతారు, ఫెమా (విదేశీ మారక చట్టం) మాత్రం మనిషి ఉద్దేశం చూస్తుంది. ఉండిపోవడానికి వచ్చావంటే దిగిన రోజే రెసిడెంట్‌వి. ఎన్ఆర్ఈ ఖాతా మార్పించుకోవాలి, ఎఫ్‌డీ వడ్డీకి ఆ రోజు నుంచి పన్ను పడుతుంది. నేను ఏడు నెలలు ఆలస్యం చేశాను, ఆ వడ్డీకి పన్ను కట్టాను. కొంత డబ్బు, తిరిగొచ్చినవాళ్ళు విదేశీ డబ్బు ఉంచుకునే ఆర్ఎఫ్‌సీ ఖాతాలో డాలర్లుగానే ఉంచాను. ఆర్ఎన్ఓఆర్‌గా ఉన్నన్నాళ్ళూ దాని వడ్డీకి పన్ను లేదు. బ్యాంకులో ఆర్ఎఫ్‌సీ అంటే కౌంటర్‌లో అమ్మాయి మేనేజర్ని పిలిచింది, మేనేజర్ హైదరాబాద్‌కి ఫోన్ చేశాడు.

ఇక 401కె. తీసేయాలా, ఉంచాలా? వచ్చిన ప్రతివాడికీ ఉండే ప్రశ్న ఇది. 59 ఏళ్ళ ఆరు నెలలు నిండకుండా తీస్తే మామూలు పన్ను మీద ఇంకో 10 శాతం. నాకు ఆ వయసు రావడానికి ఇరవై ఏళ్ళకు పైనే ఉంది. 1989లో చేసుకున్న పన్ను ఒప్పందంలో పెన్షన్‌కి ఇండియాలోనే పన్ను అని ఉందని ఎవరో చెబితే సంబరపడ్డాను. కానీ అదే ఒప్పందంలో పెన్షన్ అంటే విడతల వారీగా వచ్చేదని నిర్వచనం ఉంది. ఒక్కసారిగా తీసుకునే డబ్బుని దానికింద చూపించి గొడవ తెచ్చుకోవద్దని నేనడిగిన ఇద్దరు సీఏలూ అన్నారు.

నాకు దారి చూపింది మా కాలనీలో పొద్దున నడకకి వచ్చే ఒకాయన. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్ళుండి వచ్చాడు. “అన్నా, మన ఏడాది ఏప్రిల్‌లో మొదలైతది, వాళ్ళది జనవరిలో. ఆ మూడు నెలల సందు చూస్కో” అన్నాడు. మా ప్లాన్‌లో ఉద్యోగం మానేశాక కొంచెం కొంచెంగా తీసుకోవచ్చు. 2023 డిసెంబరులో 20,000 డాలర్లు, 2024 జనవరిలో ఇంకో 20,000 తీశాను. అమెరికాకి అవి రెండు వేర్వేరు సంవత్సరాలు, కాబట్టి రెండింటికీ 10 శాతం శ్లాబు విడివిడిగా దొరికింది. ఇండియాకి రెండూ 2023-24లోవే, ఆర్ఎన్ఓఆర్ కిందివే. ఇక్కడ పన్ను లేదు.

అమెరికాలో మాత్రం ఎంత పడిందో చెప్తాను, జనం దీన్ని ఊహించుకుని భయపడతారు కాబట్టి. డబ్బు పంపేటప్పుడే 30 శాతం, అంటే 6,000 పట్టుకుని 14,000 ఇచ్చారు. విదేశీయుడినని చెప్పే డబ్ల్యూ-8 బెన్ ఫారం అంతకు ముందే ఇచ్చి ఉన్నాను. ఆ 30 శాతం చివరి పన్ను కాదు. అక్కడ ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బు కాబట్టి విదేశీయులు వేసే 1040-ఎన్ఆర్ రిటర్ను వేస్తే శ్లాబుల ప్రకారమే లెక్క కడతారు, కాకపోతే స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. 2023కి మొదటి 11,000 మీద 10 శాతం, 1,100. మిగిలిన 9,000 మీద 12 శాతం, 1,080. ముందే తీసినందుకు 2,000. మొత్తం 4,180. అంటే వాళ్ళ దగ్గర నావి 1,820 డాలర్లు మిగిలాయి.

ఆ 1,820 డాలర్ల కథ వేరే. రిటర్ను వేసేసరికి నా అమెరికా బ్యాంకు ‘విదేశీ చిరునామా ఉన్నవారికి ఖాతా కొనసాగించలేం’ అని మూసేసింది. రీఫండ్ చెక్కు రూపంలో వస్తుంది, అదీ ఆరు నెలల దాకా పట్టొచ్చన్నారు. హనుమకొండ చిరునామా ఇచ్చాను, బాపు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు కదా అని. 2024 డిసెంబరులో పోస్టుమాన్ తెచ్చిన కవరుని ఆయన కిటికీలోంచి వచ్చే ఎండకి అడ్డం పెట్టి చూసి నాకు ఫోన్ చేశాడు. “ఏందిరా ఇది, లిబర్టీ బొమ్మ ఉన్నది లోపల” అని. అమెరికా ట్రెజరీ చెక్కు. ఏడాది లోపల మార్చుకోవాలి.

నేను వెళ్ళిన మొదటి బ్యాంకులో కౌంటర్ మీద ఉన్నతను చెక్కుని అటూ ఇటూ తిప్పి, పక్కావిడకి చూపించి, ఇద్దరూ కలిసి కాసేపు లిబర్టీ బొమ్మని మెచ్చుకున్నారు. “సార్, ఫారిన్ చెక్కులు తీసుకోవడం బందైంది సార్.” రెండో చోటా అదే మాట. మూడో బ్యాంకు కలెక్షన్‌కి పంపుతామంది. రెండు నెలలు పట్టింది, చార్జీలు పోయాయి, మిగిలింది వచ్చింది. ఆలోపల విదేశీ చిరునామా ఒప్పుకునే ఇంకో డాలరు ఖాతా వెతికి తెరిచాను, మరుసటి ఏడాది రీఫండ్ నేరుగా దాంట్లో పడింది. అమెరికా ఖాతా మూసేసుకుని రావడం అన్నిటికంటే పెద్ద తప్పని నేను ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. నన్నడిగితే కారు అమ్మకపోయినా పర్లేదు, ఖాతా, ఫోన్ నంబరు మాత్రం ఉంచుకుని రండి.

రోత్ ఐఆర్ఏ అని ఇంకో రిటైర్మెంట్ ఖాతా చిన్నది ఉండేది. అందులో మనం వేసిన అసలు ఎప్పుడు తీసుకున్నా పన్నూ పెనాల్టీ లేవు. అది కూడా ఆ గొడుగు కిందే తీసేశాను. మా ఆవిడ ఏడాదిన్నర ఉద్యోగం తాలూకు 401కెలో నాలుగు వేల డాలర్ల లోపు ఉండేది. చిన్న ఖాతా అని పాత కంపెనీ దాన్ని తీసి వేరే సంస్థలో ఐఆర్ఏగా పడేసింది, ఉత్తరాలన్నీ ఇర్వింగ్ ఇంటికి వెళ్ళాయి. వెతికి పట్టుకోవడానికి ఏడాది పట్టింది.

పాప అక్కడ పుట్టింది, కాబట్టి అమెరికా పౌరురాలు. అమ్మ పోస్టాఫీసుకి వెళ్ళి సుకన్య సమృద్ధి తెరుస్తానని పట్టుబట్టింది. అది భారత పౌరురాలైన పిల్లకే అని చెప్తే, “పిల్ల ఈడ్నే ఉంటే ఇంకా వేరే దేశపుదెట్లైతది?” అని నా మీదే కోప్పడింది. పిల్ల పేరు మీద ఖాతాలు 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాల్సింది కూడా ఆ పిల్లే. ఏడేళ్ళది. అందుకే ప్రస్తుతం దాని పేరు మీద ఏమీ లేదు.

2024 ఏప్రిల్ 1తో గొడుగు మూసుకుంది. ఆ నవంబరులో ఆదాయపన్ను శాఖ విదేశీ ఆస్తులున్నవాళ్ళకి ఎస్ఎంఎస్‌లు పంపింది, నాకూ వచ్చింది. అది 2023-24 రిటర్ను గురించి, అప్పుడు నేను ఇంకా ఆర్ఎన్ఓఆర్, తప్పేమీ లేదు. అయినా గుండె దడదడలాడింది. ఇప్పుడు మాత్రం ప్రతి ఏడూ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్‌ఏ, నింపాలి. పన్ను బాకీ ఒక్క రూపాయి లేకపోయినా, ఖాతా ఉన్న సంగతి చెప్పకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షలు పెనాల్టీ. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతావన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే అది పడదు, నాది ఆ గీత దాటింది. ఇంకో తమాషా ఏమిటంటే, మన రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చికి, షెడ్యూల్ ఎఫ్‌ఏ మాత్రం జనవరి నుంచి డిసెంబరుకి.

401కెలో మిగిలిన డబ్బు మీద ప్రతి ఏడూ వచ్చే డివిడెండ్లకి, లాభాలకి ఇండియా ఇప్పుడే పన్ను అడగొచ్చు, అమెరికా తీసినప్పుడు అడుగుతుంది. ఒకే డబ్బుకి ఇరవై ఏళ్ళ తేడాతో రెండు పన్నులు, ఒకదానికి ఇంకోటి క్రెడిట్ దొరకదు. 2021 ఫైనాన్స్ యాక్టులో తెచ్చిన 89ఏ సెక్షన్ ఈ ముడి విప్పింది. అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాలకి, అక్కడ పన్ను పడిన ఏడాదే ఇక్కడా పన్ను. దానికి ఫారం 10-ఈఈ, రిటర్ను గడువు లోపలే వేయాలి. 2025లో గడువు సెప్టెంబరు 15, చివర్లో ఒకరోజు పెంచారు. ఆ వారం రాత్రి పదకొండింటికి కూర్చుని, ఖాతా నంబరు, తెరిచిన తేదీ అన్నీ నింపాను. సొరుగులోంచి ఫోన్ తీస్తే చార్జింగ్ లేదు. అది లేచి, వైఫై పట్టి, ఓటీపీ వచ్చేసరికి ఇటు పోర్టల్ లాగౌట్ అయింది. మళ్ళీ మొదటి నుంచి.

ఆ ఫారం వేసేటప్పుడు సీఏ ఒక మాట చెప్పాడు. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేం, తర్వాత ఎప్పుడైనా మళ్ళీ ఎన్ఆర్ఐ అయితే అసలు ఎంచుకోనట్టే లెక్క, పాత ఏళ్ళ పన్ను మీద పడుతుంది. నాకు వెంటనే ఆ నాలుగు క్రెడిట్లు గుర్తొచ్చాయి. ఏడాది వెళ్ళొస్తే ఇది చెడుతుంది. అయితే ఏడాది ఎందుకు? 2025లో నాలుగు క్రెడిట్లకి 7,240 డాలర్లు. కంపెనీ మూడు నెలలు ఆన్‌సైట్ పంపితే చాలు, ఇక్కడ రెసిడెంట్‌గానే ఉంటాను, అక్కడ 40 నిండుతాయి. ఈ లెక్క నేను కాగితం మీద వేసి మా ఆవిడకి చూపించింది సెప్టెంబరు 17న. ఆ వారాంతంలోనే, బయటి దేశంలో ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజు అని వాషింగ్టన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. టీవీలో ఆ వార్త వస్తుంటే బాపు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు, రిమోట్ తీసుకుని చానల్ మార్చాడు.

డిసెంబరు 31 రాత్రి కింద కాలనీలో కేక్ కోస్తున్నారు, పాప నన్ను పిలుస్తోంది. నేను పైన సొరుగు ముందు కూర్చుని ఓటీపీ కోసం చూస్తున్నాను. ఆ రోజు నిల్వ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, ఆ రోజు స్టేట్ బ్యాంక్ డాలరు కొనే ధర, టీటీ బయింగ్ రేటు కూడా. వచ్చే జులైలో షెడ్యూల్ ఎఫ్‌ఏ అడిగేది ఆ అంకెలే.